డాక్టరు నిలవని ఊళ్ళు

1960ల చివర్లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, మౌండ్ బయూ అనే చిన్న ఊళ్ళో డాక్టర్లు మందుల చీటీ మీద పాలు, కూరగాయలు, మాంసం రాసి ఇచ్చేవారు. ఆ చీటీ పట్టుకెళితే చుట్టుపక్కల ఊళ్ళలో నల్లజాతివాళ్ళు నడిపే కిరాణా కొట్లలో సరుకులు ఇచ్చేవారు. ఖర్చు ఆరోగ్య కేంద్రం మందుల పద్దులో పడేది. సంగతి గవర్నరు చెవిన పడింది. ఫిర్యాదు వాషింగ్టన్‌కు వెళ్ళింది. మందుల కోసం ఇచ్చిన డబ్బు తిండికి ఎలా ఖర్చుపెడతారని పైనుంచి వచ్చిన అధికారి నిలదీశాడు. కేంద్రాన్ని నడుపుతున్న డాక్టర్ జాక్ గైగర్, తను చదివిన వైద్య పుస్తకంలో పోషకాహార లోపానికి చెప్పిన మందు తిండేనని జవాబిచ్చాడు. వచ్చినాయన ఇక మాట్లాడలేదు.

మిసిసిపీ డెల్టా ఒండ్రు నేల, పత్తి నేల. బానిసత్వం చట్టంలో పోయినా, పొలం దొరది, రెక్కలు కూలివాడివి, పంటలో పాలు అన్న పద్ధతి ఇంకో వందేళ్ళు సాగింది. దొర కొట్లో బాకీ ఏ ఏడూ తీరేది కాదు. ఆ తరవాత పత్తి తీసే యంత్రాలు, కలుపు మందులు వచ్చాయి. ఆ కూలి కూడా పోయింది. పని లేని కుటుంబాలు పొలాల గట్ల మీద చెక్క గుడిసెల్లో మిగిలాయి. పత్తి మీద బతికి, పత్తి మీదే చితికిన ఊళ్ళ సంగతి పల్నాడు వాళ్ళకూ, వరంగల్ వాళ్ళకూ నేను వివరించి చెప్పనక్కర్లేదు.

ఆ డెల్టాలో మౌండ్ బయూ ప్రత్యేకమైన ఊరు. 1887లో ఐజయా మాంట్‌గోమరీ మొదలైన మాజీ బానిసలు అడవి కొట్టి కట్టుకున్నారు. వైద్యం కూడా తమంతట తామే చేసుకున్నారు. నైట్స్ అండ్ డాటర్స్ ఆఫ్ టాబోర్ అనే సంఘం 1942లో అక్కడ టాబోరియన్ ఆసుపత్రి తెరిచింది. పెద్దవాళ్ళు ఏడాదికి 8 డాలర్ల 40 సెంట్లు చందా కడితే 31 రోజుల ఆసుపత్రి వైద్యం, ఆపరేషన్‌తో సహా. పిల్లలకు 1 డాలరు 20 సెంట్లు. పత్తి ఏరిన చేతులే ఆ చందా కట్టాయి. వేరే ఆసుపత్రుల్లో నల్లవాళ్ళు పక్క వాకిలి గుండా పోవాల్సిన రోజుల్లో, ఇక్కడ ముందు తలుపు గుండానే వెళ్ళేవారు.

పక్క వాకిలి గుండా పోయినవాళ్ళకు ఏం జరిగేదో తెలియాలంటే ఫానీ లూ హేమర్ జీవితం చూడాలి. ఓటుహక్కు పోరాటంలో అమెరికానంతా కదిలించిన ఆ మనిషి డెల్టాలో పత్తి కూలి. 1961లో చిన్న కణితి తీస్తామని ఆసుపత్రిలో చేర్చుకుని, ఆమెకు చెప్పకుండా గర్భసంచి తీసేశారు. ఆమెలాంటి ఆడవాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే దూరం, డబ్బే అడ్డం అనుకుంటాం. భయం కూడా అంతే అడ్డం. ఆమె 1977లో కన్నుమూసింది మౌండ్ బయూ ఆసుపత్రిలోనే.

గైగర్ తెల్లవాడు, న్యూయార్క్‌లో పుట్టినవాడు. మెడిసిన్ చదువుతూ దక్షిణాఫ్రికాలోని ఫొలేలాకు వెళ్ళి, సిడ్నీ, ఎమిలీ కార్క్ దంపతులు జులూ పల్లెల్లో నడుపుతున్న ఆరోగ్య కేంద్రంలో పనిచేశాడు. ఒంట్లో రోగం చూసే ముందు ఊళ్ళో రోగం చూడాలన్న పాఠం అక్కడే పట్టుబడింది. 1964లో పౌరహక్కుల కార్యకర్తలకు వైద్యం చేయడానికి మిసిసిపీ వచ్చాడు. చూడటానికి అంత దూరం పోనక్కర్లేదు, ఆ గుడిసెలు, ఆ ఆకలి తన దేశంలోనే ఉన్నాయని తెలిసింది. టఫ్ట్స్ విశ్వవిద్యాలయం తరఫున అతనూ, డాక్టర్ కౌంట్ గిబ్సన్ కలిసి, అధ్యక్షుడు జాన్సన్ పేదరికంపై ప్రకటించిన యుద్ధం నిధుల్లోంచి డబ్బు తెచ్చారు. మొదటి కేంద్రం 1965లో బోస్టన్‌లోని కొలంబియా పాయింట్‌లో, రెండోది 1967లో మౌండ్ బయూలో వెలిశాయి. మౌండ్ బయూ కేంద్రం కిందికి వచ్చింది ఉత్తర బొలివర్ కౌంటీలోని 500 చదరపు మైళ్ళ మేర.

జాన్ హాచ్ అనే నల్లజాతి సంఘ సేవకుడు ఇంటింటికీ, చర్చి చర్చికీ తిరిగి మీ కష్టమేంటని అడిగాడు. జనం జబ్బుల గురించి మాట్లాడలేదు. తిండి, పని, ఇల్లు, నీళ్ళు అన్నారు. ఏ మురుగుగుంట నీళ్ళు ఎత్తి తాగుతున్నారో ఆ నీళ్ళతోనే పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. మందు పోసి పంపితే వారం తిరక్కుండా మళ్ళీ అదే బిడ్డ, అదే జబ్బు. అందుకని కేంద్రం తరఫున ఇంజినీరు ఆండ్రూ జేమ్స్ బావులు తవ్వించాడు, మరుగుదొడ్లు కట్టించాడు, కిటికీలకు దోమతెరలు కొట్టించాడు. హాచ్ కూలి కుటుంబాలను కూడగట్టి సహకార వ్యవసాయ క్షేత్రం మొదలుపెట్టాడు. పత్తి పండిన నేలలో కూరగాయలు పండించుకు తిన్నారు.

ఇందులో నాకు అన్నిటికంటే విలువైనది ఎల్. సి. డోర్సీ కథ. దొర పొలంలో పుట్టి, చదువు మధ్యలో ఆగిపోయి, పిల్లల తల్లి అయిన ఆమె ఈ కేంద్రం ద్వారా ఉద్యోగంలో చేరింది. ఆగిన చదువు పూర్తిచేసి డాక్టరేట్ దాకా వెళ్ళింది. 1988లో అదే కేంద్రానికి డైరెక్టరుగా తిరిగి వచ్చింది. మొదటి పదేళ్ళలోనే ఆ కేంద్రం చలవతో స్థానికుల్లోంచి ఏడుగురు డాక్టర్లు తయారయ్యారని గైగర్ చెప్పుకునేవాడు. 2020 డిసెంబర్‌లో అతను పోయే నాటికి ఆ కేంద్రం భవనం అతని పేరు మీదే నడుస్తోంది.

ఈ నమూనా ఇవాళ అమెరికా అంతటా ఉంది. దాదాపు 1,400 సంస్థలు, 3 కోట్లకు పైగా రోగులు. డబ్బు లేదని ఎవరినీ తిప్పి పంపకూడదు. కౌంటర్ దగ్గర జీతం చీటీ చూపిస్తే ఆదాయాన్ని బట్టి ఫీజు వేస్తారు. పాలక మండలిలో సగం కంటే ఎక్కువ మంది అక్కడ వైద్యం చేయించుకునే రోగులే ఉండాలని చట్టం. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాన్ని రోగులు నడపడమనే ఆలోచన మన దగ్గర కాగితాల మీద కమిటీల దాకానే వచ్చింది.

అయినా డెల్టా కష్టం తీరలేదు. పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ను మిసిసిపీ ఇప్పటికీ విస్తరించలేదు. చిన్న పని చేసుకునే మనిషికి మెడికెయిడ్ రాదు, బీమా కొనే స్తోమత లేదు. షుగరు ఉన్నవాళ్ళు ఇన్సులిన్ సగం డోసు వేసుకుని నెల నెట్టుకొచ్చి, కాలికి పుండు పడ్డాక వస్తారు. గ్రీన్‌వుడ్‌లోని ఆసుపత్రి 2022లో పురుళ్ళ వార్డు మూసేసింది. దేశమంతటా 2010 తరవాత వందకు పైగా గ్రామీణ ఆసుపత్రులు మూతపడ్డాయి, లేదా ఇన్‌పేషెంట్ వైద్యం ఆపేశాయి. ప్రాథమిక వైద్యులు చాలరని ప్రభుత్వమే గుర్తించిన ప్రాంతాల్లో 7 కోట్ల మందికి పైగా బతుకుతున్నారు. రెండు లక్షల డాలర్ల చదువు అప్పు నెత్తిన పెట్టుకున్న కుర్ర డాక్టరు అక్కడికి ఎందుకు వెళతాడు?

ఆ ఖాళీలో మనవాళ్ళు కనిపిస్తారు. కాకినాడ రంగరాయలోనో, వరంగల్ కాకతీయలోనో ఎంబీబీఎస్ చదివి, అమెరికాలో రెసిడెన్సీ జే-వన్ వీసా మీద చేసినవాళ్ళు అది ముగిశాక రెండేళ్ళు స్వదేశంలో ఉండి తీరాలి. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ చొరవతో 1994లో దానికి మినహాయింపు వచ్చింది. వైద్యుల కొరత ఉన్న చోట మూడేళ్ళు పనిచేస్తే తిరిగి వెళ్ళనక్కర్లేదు. రాష్ట్రానికి ఏడాదికి 30 మంది. మన డాక్టర్ల ఇళ్ళలో దీన్ని వేవర్ ఉద్యోగం అంటారు. ఒకే ఒక్క ట్రాఫిక్ సిగ్నల్ ఉన్న ఊరు, కందిపప్పు కొనాలంటే రెండు గంటల ప్రయాణం. అక్కడ రోజుకు ఇరవై మంది షుగరు, బీపీ రోగులను చూసే తెలుగు డాక్టరు లక్షణంగా పనిచేస్తారు. మూడేళ్ళు నిండగానే చాలామంది సామాను సర్దుకుంటారు.

వాళ్ళను తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం దాటి గ్రీన్‌కార్డులు ఇవ్వరాదన్న లెక్క వల్ల భారతదేశంలో పుట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి వరసలో నిలబడాలి. ఈలోగా ఆ డాక్టరు మరణిస్తే భార్యాపిల్లలకు ఆ దేశంలో ఉండే అర్హతే పోవచ్చు. పిల్లలకు 21 నిండితే వాళ్ళ వీసా విడిగా చూసుకోవాలి. క్లినిక్ మూతపడితే కొరత ప్రాంతంలోనే ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి. నిలవనివ్వని ఏర్పాటు చేసి, నిలవలేదేమని అడగడం ఏం మర్యాద?

రోగి వైపు నుంచి చూడండి. మన పల్లెల్లో జ్వరమొస్తే పోయేది ముందు ఆర్‌ఎంపీ దగ్గరికే. అతనికి డిగ్రీ లేదని అందరికీ తెలుసు. అర్ధరాత్రి తలుపు తీస్తాడు, అప్పు పెడతాడు, రేపూ అక్కడే ఉంటాడు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో గర్భిణిని డోలీలో మోసుకొచ్చినప్పుడు పీహెచ్‌సీలో డాక్టరు పోస్టు ఖాళీ అని తెలిస్తే ఆ మోసినవాళ్ళకు రెండోసారి అటు రాబుద్ధి పుడుతుందా? డెల్టా ముసలమ్మకైనా అంతే. తన మందులు, తన కొడుకు తాగుడు, తన పాత భయాలు అన్నీ ఒక డాక్టరుకు చెప్పుకునేసరికి మూడేళ్ళు అవుతుంది. కొత్త డాక్టరు వస్తాడు, కథంతా మొదటినుంచి.

డోర్సీ వంటివాళ్ళు తయారవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ ఓపిక నిధులిచ్చేవాళ్ళకు లేదు. ఆరోగ్య కేంద్రాలకు ప్రధానమైన ఫెడరల్ నిధి కొన్నేళ్ళుగా చిన్న చిన్న గడువుల పొడిగింపుల మీదే నడుస్తోంది. గడువు దగ్గరపడ్డ ప్రతిసారీ కేంద్రాలవాళ్ళు కొత్త నర్సును తీసుకోవాలా వద్దా అని ఆగిపోతారు. కాన్రాడ్ చట్టానిదీ అదే తీరు. ముప్పై ఏళ్ళు దాటినా దాన్ని శాశ్వతం చేయలేదు. పొడిగించిన గడువు తీరేలోగా కాంగ్రెస్ మళ్ళీ ఓటెయ్యకపోతే కొత్తగా జే-వన్ మీద వచ్చిన డాక్టర్లకు ఆ దారి మూసుకుపోతుంది.