మాట రావాలి, పాట రాకూడదు

పాట లేకుండా మాకు ఒక్క పూట గడవదు. ఆరాధనలో పాట, పెండ్లిలో పాట, సమాధుల దొడ్డిలో పాట. అలాంటి మమ్మల్ని ఒక డాక్టరు గారు పాడకుండా ఉండమన్నారు.

మూడేండ్ల క్రిందటి సంగతి. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చూపించుకోవడానికి వెళ్లాము. రక్తపరీక్ష చేయించి, షుగరు వచ్చిందని చెప్పి, రోజూ ముప్పావు గంట చురుకుగా నడవమన్నారు. "చురుకుగా అంటే ఎంతండీ?" అని అడిగాము. "పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, పాస్టరు గారూ. పాట వస్తున్నదంటే మీరు మెల్లగా నడుస్తున్నారని అర్థం. మాట కూడా రాకపోతే ఎక్కువైందని అర్థం" అన్నారు. ఇంటికి వచ్చి ఈ మాట చెబితే మా శ్రీమతి చాలాసేపు నవ్వింది.

ఇది ఆ డాక్టరు గారి సొంత మాట కాదు. వైద్యులు చాలా దేశాలలో ఇదే కొలత చెబుతారు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఇలాంటి నడకో, దానికి సమానమైన పనో చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అడుగుల లెక్కలో చెప్పాలంటే నిమిషానికి సుమారు 100 అడుగులు పడితే చురుకైన నడకగా భావించవచ్చు.

తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాము. తొమ్మిది రోజులు నడిచి పదవనాడు మానేశాము. విసుగు! మా చిన్నవాడు చూసి, "నాన్నగారూ, పాటలు పెట్టుకొని నడవండి" అని ఫోనులో కొన్ని పాటలు వేసి, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించి పంపాడు. అక్కడి నుండి మా పాట్లు మొదలయ్యాయి. మొదట మాకు ఎంతో ఇష్టమైన ఒక సిలువ ధ్యాన కీర్తన వచ్చింది. మాకు తెలియకుండానే అడుగులు నెమ్మదించాయి. వీధి మలుపులో నిలబడి కన్నీళ్లు తుడుచుకొంటున్నాము! ఆత్మకు మంచిదే, షుగరుకు మాత్రం పని జరగలేదు. తరువాత యౌవనస్థుల కూటాలలో పాడే డ్రమ్ముల పాట వచ్చింది. దాని వెంట పడి నడిచేసరికి రొప్పు వచ్చి ఒక అరుగు మీద కూర్చున్నాము.

అప్పుడు అర్థమైంది. మంచి పాట వేరు, ఈ గంటకు ఈ ఒంటికి తగిన పాట వేరు.

పల్లెల్లో ఉన్న మన కుటుంబాలకు ఇది క్రొత్త సంగతి కాదు. నాట్లు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, రోకలి పోటు వేసేటప్పుడు మన తల్లులు పాడిన పాటలు కాలక్షేపానికి పాడినవి కావు. పదిమంది చేతులు ఒక్కసారిగా వంగడానికి, నడుము నొప్పి మరచిపోవడానికి పాడినవి. మాకు దగ్గరలోనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్య బిరుదురాజు రామరాజు గారు 1950ల దశకంలో ఇలాంటి పల్లె పాటల మీద పరిశోధన చేసి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' అనే గ్రంథం వ్రాశారు. వరంగల్లు, జనగామ, భువనగిరి వైపు నుండి బస్సెక్కి ఉప్పల్ రింగురోడ్డులో దిగి, నాచారం పారిశ్రామికవాడలో పనికి కుదిరిన బిడ్డలు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. వారి చేతులకు ఇప్పుడు వేగం చెప్పేది మిషను. ఆ చప్పుడులో పాట వినపడదు, పాడినా మిషను దానికి తగ్గి నడవదు. పొలంలో అమ్మ పనిచేస్తూ పాడుకొన్నది, ఇక్కడ బిడ్డ పని అయిపోయాక ఫోనులో వెదుక్కుంటున్నది.

వెదుక్కోవడం ఎలాగో చెబుతాము. గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ, పాటకు చేత్తో తాళం వేయండి. 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. 25 పడితే నిమిషానికి 100. అది నడకకు సరిపోతుంది. అలవాటైన కొలదీ 110, 120కి వెళ్లవచ్చు. ఇంగ్లండులో కోస్టాస్ కరాజియోర్గిస్ అనే పండితుడు వ్యాయామానికీ సంగీతానికీ ఉన్న సంబంధం మీద చాలా ఏండ్లుగా పరిశోధన చేస్తున్నారు. గట్టి వ్యాయామానికి 120 నుండి 140 దెబ్బల మధ్యనున్న పాటలు తగినవనీ, పాటతో చేసిన పని అదే పని అయినా తక్కువ కష్టంగా తోస్తుందనీ ఆయన చెబుతారు. కాని ఊపిరి అందనంత కష్టమైన పనిలో శరీరం చేసే గోల ముందు పాట నిలవదట. మా అరుగు అనుభవం కూడా అదే.

మన దగ్గర ఇంకొక సదుపాయం ఉన్నది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. ఎన్నో కీర్తనల నెత్తిన రాగం ఫలానా, తాళం ఫలానా అని అచ్చు వేసి ఉంటుంది. పురుషోత్తమ చౌధరి గారు (1803-1890) మొదలైన భక్తులు మన సంగీతపు రాగతాళాలలోనే కీర్తనలు కట్టారు గనుక ఆ గురుతులు మనకు మిగిలాయి. మనలో చాలామంది ఆ వరుసను చూడకుండానే పల్లవి ఎత్తుకొంటాము. ఒక్క సంగతి మాత్రం మరువకూడదు. తాళం అంటే లెక్క మాత్రమే, వేగం కాదు. ఆదితాళానికి ఎనిమిది దెబ్బలు. వాటిని మెల్లగా వేస్తామా, త్వరగా వేస్తామా అనేది పాడేవారి చేతిలో ఉంది. ఇదే మాకు దొరికిన మేలు. క్రిస్మసు రాత్రి డోలకు, గంజిర పట్టుకొని వీధి వెంట నడుస్తూ పాడే కీర్తననే మన సహోదరీలు ఒకరి మరణపు ఇంటిలో కూర్చొని సగం వేగంతో పాడతారు. పాట అదే, అక్షరం మారదు. కాని మొదటిది కాళ్లను లేపుతుంది, రెండవది శ్వాసను దించుతుంది. ఖర్చు పెట్టి ఏమీ కొనవలసిన పని లేదు. ఇప్పుడు మేము నడకకు వెళ్లేటప్పుడు క్రిస్మసు వేగంలో మా సంఘపు పిల్లలు పాడిన నాలుగు కీర్తనలు ఫోనులో పెట్టుకొంటున్నాము. చివరి ఐదు నిమిషాలకు వేరే పాట, నెమ్మదైనది.

సినిమా పాటలు పెట్టుకోవచ్చునా అయ్యగారూ అని యౌవనస్థులు అడుగుతారు. నాచారంలో 1976 నుండి రామకృష్ణా స్టూడియో నిలిచి ఉండగా సినిమా మా ఊరికి పరాయిదని చెప్పలేము. మేము వద్దనలేదు. అయితే వ్యాయామంలో పాట పదే పదే తిరుగుతుంది, బాణీతో పాటు మాటలూ లోపలికి దిగుతాయి. నీ చెల్లెలి ముందు పాడలేని మాటను రోజుకు నలభై నిమిషాలు చెవిలో పోసుకోవద్దు అన్నాము. ఒకడు తల గోక్కున్నాడు.

ఇక మేము చేసిన తప్పు. ఒక ఉదయం రెండు చెవులూ మూసుకొని, ఉప్పల్ నుండి నాచారం వైపు పారిశ్రామికవాడలో నడుస్తున్నాము. వెనుక లారీ హారను కొట్టినా మాకు వినబడలేదు. డ్రైవరు బండి ఆపి, దిగి వచ్చి, భుజం తట్టి, "పెద్దాయనా, ఇంట్ల చెప్పి వచ్చినవా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆనాటి నుండి రోడ్డు మీద ఒక చెవికే పాట, అదీ సన్నగా. కాలేజీ మైదానమో పార్కో దొరికితే ఇంకా మంచిది. పల్లెల్లోనూ ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు తిరిగే దారులలో ఇది గుర్తుంచుకోండి. చెవి కూడా శరీరమే గదా. పెద్దవారికి 80 డెసిబెల్ల శబ్దం వారానికి 40 గంటలకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కొలిచే యంత్రం మన దగ్గర ఉండదు. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషి మామూలుగా మాట్లాడితే వినపడాలి. వినపడకపోతే తగ్గించండి.

నిద్ర సంగతి నడకంత సులువు కాదు. రాత్రి షిఫ్టు చేసి ఉదయం ఇంటికి చేరే ఒక సహోదరి, పగలు నిద్ర పట్టడం లేదని మా శ్రీమతి దగ్గర ఏడ్చింది. ఆరాధన పాటలు పెట్టుకొని పడుకొంటుందట. ఏ పాటలని అడిగితే అన్నీ ఆమెకు కంఠతా వచ్చినవే. "పాట వస్తుంటే లోపల నేను గూడ పాడుతనమ్మగారూ" అన్నది. నిద్ర ఎలా పడుతుంది? మాటలు తెలిసిన పాట మనస్సును మేల్కొలిపి ఉంచుతుంది. మాటలు లేని వీణో, వేణువో, నెమ్మదిగా నిమిషానికి 60, 80 దెబ్బల మధ్యనున్నది, రోజూ అదే గంటకు వినమని చెప్పాము. 2008లో హంగరీ దేశంలో నిద్ర సరిగా పట్టని 94 మంది విద్యార్థులను తీసుకొని, కొందరికి పడకవేళ 45 నిమిషాలు మెత్తని సంగీతం, కొందరికి చదివి వినిపించిన పుస్తకాలు మూడు వారాలు ఇచ్చి చూశారు. సంగీతం విన్నవారి నిద్ర మెరుగైంది. మన సహోదరికి నెల తరువాత కొంత నయమన్నది. పూర్తిగా కాదు, పగటి నిద్ర పగటి నిద్రే. వారాల తరబడి నిద్ర రాకపోయినా, గుండె దడ ఉన్నా డాక్టరుకే చూపించాలి.

సౌలు రాజుకు దావీదు సితారా వాయిస్తే నెమ్మది కలిగిందని మనమందరం చెప్పుకొంటాము. కాని ఆ చరిత్రను అక్కడితో ఆపుతాము. తరువాత అదే దావీదు అదే చేతితో వాయిస్తూ ఉండగా సౌలు ఈటె విసిరాడు. నిన్న పనిచేసిన పాట ఈ రోజు పనిచేయకపోవచ్చు. అప్పుడు శబ్దం పెంచకూడదు.

ఇది మాకు ఒక పిల్లవాడు నేర్పాడు. పెండ్లి ఊరేగింపుల డీజే బాక్సుల మీద ప్రసంగంలో కూడా విసుక్కొన్న వాళ్లం మేము. రాత్రి పదింటి నుండి ఉదయం ఆరింటి వరకు బయట మైకు వాడరాదనీ, నివాస ప్రాంతాలలో రాత్రి 45 డెసిబెల్లు దాటరాదనీ 2000 సంవత్సరపు ప్రభుత్వ నిబంధనలు చెబుతున్నాయి. మేమూ సంఘంలో చదివి వినిపించాము. ఆ సంవత్సరమే మా ఉపవాస కూటాలు పదకొండు దాకా సాగాయి. మరునాడు పక్క వీధి నుండి పదేండ్ల బాబు వచ్చాడు. "అయ్యగారూ, మా నానమ్మకు పాటలంటే పాణం. గానీ రాత్రంత నిద్రపోలే. మీ బాక్సు మా కిటికీ దిక్కే ఉన్నది" అన్నాడు. ఆమె క్యాన్సరుతో మంచం మీద ఉన్నది. మా సంఘపు మనిషే. మూడు రాత్రులు మేము ఆమె స్వస్థత కొరకు ఆ మైకులోనే ప్రార్థన చేశాము.

2006లో ఇటలీలో లూచియానో బెర్నార్డి అనే వైద్యుడు, ఆయన తోటివారు 24 మందికి రకరకాల సంగీతం వినిపించి శ్వాస, గుండె, రక్తపోటు కొలిచారు. వేగమైన సంగీతానికి అవి పెరిగాయి. అన్నిటికంటే ఎక్కువ నెమ్మది కనిపించింది మాత్రం మధ్యలో పెట్టిన రెండు నిమిషాల నిశ్శబ్దంలో. పాడటమే పనిగా పెట్టుకొన్న మాకు ఇది మింగుడుపడని మాట. రెండు మూడు సార్లు చదివాము.

బాక్సులు లోపలికి త్రిప్పించి, కూటాలు తొమ్మిదిన్నరకు ముగించి, ఆ వారమే మేమిద్దరం ఆమెను చూడటానికి వెళ్లాము. క్షమించమన్నాము. ఆమె దానికి జవాబు చెప్పలేదు. "మైకు లేకుండ ఒకటి పాడండి అయ్యగారూ, మెల్లగ" అన్నది. మరణపు ఇంటి వేగం వద్దనుకొని, క్రిస్మసు వేగమూ కాదనుకొని, ఆమె ఊపిరిని చూస్తూ పాడాము. మొదటి చరణంలో ఆమె పెదవులు కదిలాయి. రెండవ చరణంలో కన్నులు మూసుకొన్నది. మూడవది ఎత్తుకోబోతుంటే బాబు మా చేయి పట్టుకొని, వద్దని తల ఊపాడు. ఆగిపోయాము. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మా శ్రీమతి లేచి వెళ్లి కిటికీ తలుపు దగ్గరగా వేసింది.