ఇంగ్లీషు పీరియడ్ తీసేసి ఐఐటీ క్లాసా?

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే బాపట్ల, రేపల్లె, తెనాలి ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లవాణ్ణి మామూలు ఎంపీసీలో వేద్దామా, ఐఐటీ బ్యాచ్‌లో వేద్దామా? ఇంటికొచ్చిన కాలేజీ పీఆర్వో ర్యాంకుల ఫొటోలు, హాస్టలు, ఫీజు రాయితీ అన్నీ వివరిస్తాడు. ఇంగ్లీషు సంగతి అడిగితే మాత్రం "అదెంతండీ, పరీక్షల ముందు పది రోజులు కూర్చుంటే చాలు" అంటాడు. ఆ మాటలో సగం నిజమే.

నిజమైన సగం ఇది. ఏపీ ఈఏపీసెట్ ర్యాంకు కట్టడంలో ఇంటర్‌కు 25 శాతం వెయిటేజీ ఉన్నా, లెక్కలోకి వచ్చేవి గ్రూపు సబ్జెక్టుల మార్కులే. బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీలో సీటుకైనా, 1945 నుంచీ ఉన్న అదే ఊరి వ్యవసాయ కళాశాలలో సీటుకైనా ఆ ర్యాంకే దారి. అక్కడ ఇంగ్లీషులో 95 వచ్చినా 45 వచ్చినా ఒకటే.

మిగతా సగం కాలేజీవాళ్లు చెప్పరు. నీట్‌కు వెళ్లే బైపీసీ పిల్లలు ఇంటర్‌లో ఇంగ్లీషు పాస్ కాకపోతే ఎంత మంచి ర్యాంకు వచ్చినా ఎంబీబీఎస్‌కు అర్హత ఉండదు. జేఈఈ ద్వారా ఐఐటీ, ఎన్ఐటీల్లో చేరాలంటే బోర్డు పరీక్షలో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) తెచ్చుకోవాలి, లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఆ శాతం తీసేది ఐదు సబ్జెక్టులకు: ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, ఒక భాష, మరో సబ్జెక్టు. ఇంగ్లీషు, సంస్కృతంతో ఎంపీసీ చదివినవాడికి ఆ ఐదూ సరిగ్గా సరిపోతాయి, అంటే సంస్కృతంలో 98 వచ్చినా ఇంగ్లీషును తప్పించే వీల్లేదు. బిట్స్ ప్రవేశ పరీక్ష బిట్‌శాట్‌లోనైతే 130 ప్రశ్నల్లో 10 నేరుగా ఇంగ్లీషువే. 2025లో ఇంటర్ బోర్డు సంస్కరణలు తెచ్చి సెకండ్ లాంగ్వేజ్ బదులు వేరే సబ్జెక్టు తీసుకునే వెసులుబాటు ఇచ్చింది గానీ, ఇంగ్లీషును మాత్రం తప్పనిసరిగానే ఉంచింది.

మార్కుల కంటే అసలు చిక్కు చదివి అర్థం చేసుకోవడంలో ఉంది. నీట్ బయాలజీలో అసర్షన్, రీజన్ ప్రశ్నలుంటాయి. రెండు వాక్యాలిచ్చి, రెండూ నిజమేనా, నిజమైతే రెండోది మొదటిదానికి కారణమేనా అని అడుగుతారు. పాఠం తెలిసిన పిల్ల కూడా ఆప్షన్లలో ఒక్క 'నాట్' చూసుకోక తప్పు గుర్తు పెట్టి వస్తుంది. జేఈఈ మెయిన్, నీట్ తెలుగులోనూ రాయొచ్చు కదా అంటారా? రాయొచ్చు. కానీ అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్నే ప్రామాణికమని నిబంధన. పైగా కోచింగ్ మెటీరియలంతా ఇంగ్లీషే.

అందుకని ఐఐటీ బ్యాచ్ తేల్చుకోవడానికి నాకు తోచిన పరీక్ష ఒకటుంది. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి ఫిజిక్స్ పుస్తకంలో ఒక పేజీ పిల్లవాడి చేత ఒంటరిగా చదివించి, ఏముందో తెలుగులో చెప్పమనండి. మాట్లాడే ఇంగ్లీషుతో ఇక్కడ పనిలేదు. విషయం చెప్పగలిగి, లెక్కలంటే ఇష్టం కూడా ఉంటే చేర్పించండి, తట్టుకుంటాడు. చెప్పలేకపోతే, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా కూర్చోబెట్టే బ్యాచ్‌లో వాడు అర్థం కాని వాక్యాలను బట్టీ పడతాడు. అలాంటివాడు రేపల్లె నుంచి తెనాలికి రోజూ రైల్లో వెళ్లి మామూలు ఎంపీసీ చదువుకుంటూ, సాయంత్రం ఒక గంట ఇంగ్లీషు చదవడమే మేలంటాను. పక్కింటివాళ్లు ఏమనుకుంటారన్నది వేరే బాధ, దానికి ఎవరి దగ్గరా మందు లేదు.

ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో ఇంగ్లీషు పేపరు, ల్యాబ్ ఎదురవుతాయి. బీఎస్సీ అగ్రికల్చర్‌లోనూ ఇంగ్లీషు కోర్సుంది. ఇంటర్‌లో దాటేసినది అక్కడ పట్టుకుంటుంది.

బ్యాచ్ ఏదైనా అడ్మిషన్ ఫీజు కట్టే ముందు వారానికి ఎన్ని ఇంగ్లీషు పీరియడ్లో అడగండి. టైమ్‌టేబుల్ చూపిస్తారు, దాన్ని నమ్మి ఊరుకోవద్దు, ఆ పీరియడ్‌లో ఐఐటీ క్లాసే నడుస్తుండొచ్చు. అక్కడే చదివే సీనియర్ ఇంటర్ పిల్లవాడి ఇంగ్లీషు నోట్సు తెప్పించుకుని, అందులో వాడు సొంతంగా రాసిన పేజీలెన్నో, గైడు చూసి దించినవెన్నో తిరగేసి చూడండి.