ఇరుసు - బ్రేకు

పాత ట్రక్కులను బాగుచేసి మరల నడుపుట అమెరికాలో పలువురికి వేడుక. 1947లో వెలువడిన షెవర్లే అర టన్ను ట్రక్కు అట్టివానిలో నొకటి. దాని ప్రొపెల్లరు షాఫ్టు 4.11 సార్లు తిరిగినగాని వెనుక చక్రము ఒకసారి తిరుగదు. బరువు లాగుటకు ఇది మేలు. కాని నేటి రహదారులపై వేగముగా పోవలెనన్న ఇంజను మిక్కిలి శ్రమపడును. అందుచే కొందరు ఫోర్డు వాహనములలో 1957 నుండి వాడిన దృఢమైన ఇరుసును దీనికి అమర్చుదురు. నిష్పత్తి 3.50 ఐనచో, అదే వేగమునకు ఇంజను నూటికి సుమారు 15 వంతులు తక్కువగా తిరుగును. ఇరుసు పొడవును ముందుగా కొలువవలెను. పొడవు ఎక్కువైనచో చక్రములు మడ్గార్డులకు రాచుకొనును.

వేగము పెరిగిన చాలునా? వేగము రెండింతలైనచో చలనశక్తి నాలుగింతలగును. బ్రేకులు ఆ శక్తిని వేడిగా మార్చి బండిని నిలుపవలెను. డ్రమ్ము బ్రేకులు మాటిమాటికి నొక్కినచో వేడెక్కి పట్టు సడలును. డిస్కు బ్రేకులు గాలి తగిలి త్వరగా చల్లారును. ఆపునపుడు బరువు ముందునకు ఒరుగును గనుక వానిని ముందు చక్రములకు అమర్చుట మంచిది.

మరియొక అపాయము కలదు. పాత ట్రక్కులో నాలుగు చక్రముల బ్రేకులకును ద్రవము పోవు మార్గము ఒక్కటే. ఒక గొట్టము పగిలినచో అన్నియు విఫలమగును. ముందు వెనుకలకు వేరువేరు మార్గములున్నచో ఒకటి చెడినను రెండవది కాపాడును.

కావున పరుగెత్తించు ఇరుసును కొనకముందే, నిలుపు బ్రేకును ఎంచుకొనుట వివేకము.