భుజం మానకముందే తీర్పు చెప్పకండి

ఆడుతూ ఆడుతూ అమ్మాయి చెయ్యి పట్టుకుని కూలబడిపోయిందని కాలేజీ నుంచి ఫోను వస్తుంది. అబ్బా ఉన్నపళాన పరుగెత్తుతారు. ఎక్స్‌రే, ఇంజెక్షను, మెడకు వేలాడే పట్టీ... సాయంత్రానికి అమ్మాయిని ఇంటికి తెస్తారు. రాత్రి అయ్యేసరికి ఖాలా, ఫూఫీ, పక్కింటివారు అందరూ చేరతారు. వచ్చినవారు ముందుగా అడిగేది నొప్పి ఎలా ఉందని. రెండో మాట మాత్రం దాదాపు అందరిదీ ఒకటే: "ఇక చాల్లే బేటీ, ఈ ఆటలు!"

అదే దెబ్బ అబ్బాయికి తగిలిందనుకోండి. "మగపిల్లాడు, నెల తిరిగేసరికి మళ్లీ ఆడతాడు" అంటారు. ఒకరిని మానేయమనే తొందర, మరొకరిని లేపి నిలబెట్టాలనే తొందర. చూడటానికి రెండూ వేరు వేరు మాటల్లా ఉన్నా, రెండూ గాయం మానకముందే చెప్పేసిన తీర్పులే. ఈ వారం మనం మాట్లాడుకోవాలనుకున్నది ఆ తొందర గురించే.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ పేరు తెలియని ఇల్లు ఇప్పుడు మనలో ఉండదు. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్‌గా నిలిచింది. 2022లోనే బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కూడా బంగారు పతకం తెచ్చింది. ఈ పతకాల సంగతి పిల్లలు కూడా చెబుతారు. మధ్యలో పోయిన ఏడాది సంగతి మాత్రం అంతగా ఎవరూ చెప్పుకోరు. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేత అయిన ఈ అమ్మాయికి 2017లో, విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీల్లో ఆడుతుండగా, భుజం కీలు జారింది. ఆపరేషన్ అయింది. సుమారు ఏడాదిపాటు రింగులోకి దిగలేదు. 2018లో కామన్వెల్త్ క్రీడలు, ఆసియా క్రీడలు రెండూ వచ్చి వెళ్లిపోయాయి. రెండింటిలోనూ ఆమె లేదు. అప్పటికి ఆమె వయసు ఇరవై రెండేళ్లే. తోటివారంతా టీవీలో కనిపిస్తుంటే ఇంట్లో కూర్చుని చూడటం ఎంత కష్టమో, ఆ వయసు పిల్లలున్న వారికి వేరే చెప్పనక్కర లేదు.

తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ స్వయంగా క్రీడాకారుడు. అది ఆమె అదృష్టం. ముఖానికి దెబ్బలు తగిలితే పెళ్లి ఎలా అవుతుందని తల్లి భయపడిందని నిఖత్ ఇంటర్వ్యూల్లో నవ్వుతూ చెప్పింది. ఆ భయం మన ఇళ్లకు కొత్తదా! దానిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ భయం ముందునుంచీ ఉండి, గాయం రూపంలో దానికి ఒక సాకు దొరికినప్పుడే చిక్కు. అప్పుడు అమ్మాయి వాదించే స్థితిలో ఉండదు. చెయ్యి పట్టీలో ఉంటుంది, రాత్రి నిద్ర ఉండదు, ఖర్చయిన డబ్బు సంగతి కళ్ల ముందు కనిపిస్తుంటుంది. ఆ స్థితిలో "మానేస్తాను" అని తనే అన్నా, అది నొప్పి అన్న మాట.

ఇంతకీ భుజం కీలు జారడమంటే ఏమిటి? చేతి ఎముక పైభాగం గుండ్రంగా ఉంటుంది. అది కూర్చునే గూడు చాలా లోతు తక్కువ. మూకుడు అంచుమీద నిమ్మకాయ నిలబెట్టినట్టే. గూడు చుట్టూ ఉండే మెత్తటి అంచు, నరాల వంటి పట్టీలు, కండరాలు కలిసి దానిని పట్టి ఉంచుతాయి. అందుకే చెయ్యి అన్ని వైపులకీ తిరుగుతుంది, అందుకే గట్టిగా లాగితే జారుతుంది కూడా. జారినప్పుడు ఆ అంచు చిరిగితే, ముఖ్యంగా ఇరవై ఏళ్ల లోపు పిల్లల్లో, మళ్లీ మళ్లీ జారే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ అవసరమా కాదా అన్నది డాక్టరు స్కానింగ్ చూసి చెబుతారు.

మైదానంలో ఎవరో ఒకరు "నేను సర్దేస్తా" అని చెయ్యి పట్టి లాగడం మనం చూసే ఉంటాం. దయచేసి లాగనివ్వకండి. పక్కనే నరాలు, రక్తనాళాలు ఉంటాయి. ఎముక విరిగి ఉంటే లాగడంతో మరింత నష్టం. అమ్మాయి దుపట్టాతోనే చేతిని ఒంటికి కదలకుండా కట్టి ఆస్పత్రికి తీసుకుపోవడం మేలు. నూనె రాసి మర్దన చేయించడం కూడా అప్పుడు వద్దు.

మోకాలి విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. కబడ్డీలోనో, ఫుట్‌బాల్‌లోనో కాలు మెలిపడి "టప్"మని శబ్దం వస్తుంది, కాసేపటికి మోకాలు ఉబ్బుతుంది. ఎక్స్‌రే తీస్తే ఎముక బాగానే ఉందంటారు. ఇంట్లోవారు ఊపిరి పీల్చుకుంటారు. కానీ తెగిన లిగమెంటు ఎక్స్‌రేలో కనిపించదు. నడిస్తే నడవగలడు, పక్కకు తిరగబోతే మోకాలు జారిపోతుంది. అప్పటికీ పిల్లవాడు చెప్పడు. హాస్టల్లో సీటు పోతుందని, జట్టులోంచి తీసేస్తారని దాచుకుంటాడు. అలా ఆడిన నెలల్లోనే మోకాలి లోపలి గుజ్జు కూడా అరిగి పాడవుతుంది. పిల్లవాడు కుంటుతున్నాడంటే గద్దించకుండా అడగాలి. గద్దిస్తే నిజం బయటికి రాదు.

మాకు తెలిసినంతలో ఎక్కువ మంది దెబ్బతినేది ఆపరేషన్ దగ్గర కాదు, ఆ తర్వాత. అప్పో సప్పో చేసి ఆపరేషన్ చేయిస్తారు. ఫిజియోథెరపీకి పదిసార్లు తీసుకువెళ్లాక నొప్పి తగ్గుతుంది. "తగ్గింది కదా, రోజూ ఆటో ఖర్చెందుకు" అని మానిపిస్తారు. నొప్పి తగ్గడం వేరు, బలం రావడం వేరు. మొదట పట్టీలోనే వేళ్లు, మోచెయ్యి కదిలించడం, తర్వాత గోడమీద వేళ్లు నడిపిస్తూ చెయ్యి పైకి తీసుకువెళ్లడం, ఆపైన రబ్బరు పట్టీ లాగడం, అలా నెలలు పడుతుంది. బాక్సింగ్, కబడ్డీ వంటి ఆటల్లోకి మళ్లీ దిగడానికి భుజానికి సుమారు ఆరు నెలలు, మోకాలి లిగమెంటుకు తొమ్మిది నెలలైనా పట్టడం మామూలే. రోజూ వెళ్లే స్తోమత లేకపోతే ఆ మాట ఫిజియోథెరపిస్టుకే చెప్పండి. ఇంట్లో చేసే వ్యాయామాలు రాసి ఇచ్చి, వారానికోసారి చూస్తారు. సిగ్గుపడి పూర్తిగా మానేయడం కన్నా అది ఎంతో నయం.

ఈ నెలల్లో నమాజు సంగతి కూడా పిల్లలు బయటికి అనకపోయినా మనసులో పెట్టుకుంటారు. మోకాలు మడవలేనివారు కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు. భుజం ఆపరేషన్ అయినవారు సజ్దాలో ఆ చేతిమీద బరువు వేయకూడదు. రోగికి ధర్మం ఇచ్చిన వెసులుబాటు ఇది, ఇందులో లోటేమీ లేదని పెద్దవారు ఒక్క మాట చెబితే వారికి ఊరట. రంజాన్‌లో మందులు వాడవలసివస్తే ముందుగానే డాక్టరును అడగండి. నొప్పి మాత్రలు కొన్ని ఖాళీ కడుపున పడవు.

చదువు విషయానికి వస్తే, రాసే చెయ్యే దెబ్బతిన్నప్పుడు పరీక్ష పోయినట్టేనని చాలామంది అనుకుంటారు. సర్టిఫికెట్ జతచేసి కాలేజీ ద్వారా ముందుగా దరఖాస్తు చేసుకుంటే, సహాయకుడితో రాయించుకునే అనుమతికి వీలుంది. హాల్ టికెట్లు వచ్చాక పరుగులు పెట్టడం కన్నా పట్టీ వేసిన వారంలోనే ప్రిన్సిపాల్‌ను కలవడం తెలివి. ఇక సాయంత్రాలు. సరిగ్గా ప్రాక్టీసు వేళకు ఇంట్లో కూర్చోవడమే పిల్లలకు అన్నిటికన్నా బరువు. కోచ్ ఒప్పుకుంటే, గంటసేపు వెళ్లి ఒడ్డున కూర్చుని స్కోరు రాయనివ్వండి. నిద్ర, తిండి పోయి, ఎవరితోనూ మాట్లాడకుండా వారాలు గడుపుతుంటే దానిని పొగరు అనుకోకుండా డాక్టరుకు చెప్పండి.

మన హైదరాబాదు పుల్లెల గోపీచంద్ మోకాలు 1994లో దెబ్బతింది. అప్పటికి అతని వయసు ఇరవై చిల్లర. ఒకటికి మించి ఆపరేషన్లు అయ్యాయి. ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచింది 2001 మార్చిలో. మధ్యలో ఏడేళ్లు! ఆ ఏడేళ్లలో ఏ మూడో ఏడాదో ఎవరైనా అతని ఇంట్లో తీర్పు చెప్పి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. అందరూ గోపీచంద్‌లు, నిఖత్‌లు కారు నిజమే. ఎంత జాగ్రత్తపడ్డా పాత బలం రాని పిల్లలూ ఉంటారు. వారికి ఆట మారవచ్చు, కోచింగో రిఫరీ పనో కావచ్చు, ఆట మానేయడమూ కావచ్చు.

కానీ ఆ సంగతి తేలేది ఇంట్లో చుట్టాల మధ్య కాదు. ఆరో నెలలోనో, తొమ్మిదో నెలలోనో డాక్టరు రెండు చేతులూ ముందుకు చాపమని, ఒక్కొక్కదాన్నే కిందికి నొక్కి చూస్తారు. దెబ్బ తగిలిన చెయ్యి రెండోదానితో సమానంగా నిలిచిందా లేదా చెబుతారు. ఆ రోజు అమ్మీ అబ్బా ఇద్దరూ వెంట వెళ్లండి. బయటికి వచ్చాక, ముందుగా అమ్మాయినే అడగండి.