చెవిలో నూనె పోసే ముందు

సుశ్రుతాచార్యులు కర్ణరోగాలను 28గా వర్ణించారు. మన ఇళ్లలో మాత్రం వాటన్నిటికీ ఒకటే మందు: వెల్లుల్లి వేసి కాచిన నూనె. అది ఎప్పుడు మేలు చేస్తుందో, ఎప్పుడు కీడు చేస్తుందో చెవి నిర్మాణం తెలిసినవారికి సులభంగా బోధపడుతుంది.

మా అనంతపురం జిల్లాలో సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురుస్తుంది. ఆషాఢంలో పడమటి గాలులు వీస్తే దుమ్ము ఇంటింటికీ చేరుతుంది. బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు వద్ద హగరి ఇసుక పొలాలపై మేటలు వేస్తుంది. ఇటువంటి గాలిలో చెవికి రక్ష గుబిలి. అది దుమ్మును, చిన్న పురుగులను పట్టి ఉంచుతుంది. రంధ్రంలోని చర్మం నెమ్మదిగా వెలుపలికి జరుగుతూ దానిని మోసుకొని వస్తుంది. దానిని మురికిగా భావించి అగ్గిపుల్లతో, పిన్నీసుతో తిప్పేవారిని నేను నిత్యం చూస్తుంటాను. వారు తీసేది కొంచెం, లోపలికి నెట్టేది అధికం.

పెద్దవారిలో చెవి రంధ్రం సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దాని చివర ఉన్న పలుచని పొరే కర్ణభేరి. శబ్దం తాకగానే అది కంపిస్తుంది. ఆ కంపనాలను మధ్య చెవిలోని కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు ఎముకలు లోపలి చెవికి అందిస్తాయి. సుమారు 3 మిల్లీమీటర్ల అంకవన్నె మన శరీరంలోకెల్లా చిన్న ఎముక. నత్తగుల్లవంటి కర్ణావర్తంలోని రోమకణాలు ఆ కదలికను నాడీ సంకేతాలుగా మార్చి మెదడుకు పంపుతాయి. నశించిన రోమకణాలు మనిషిలో తిరిగి పుట్టవు. పక్కనే ఉన్న అర్ధవర్తుల కుల్యలు శరీరాన్ని తూలకుండా నిలుపుతాయి. మరీ వేడి లేక చల్లని ద్రవం చెవిలో పోస్తే తల తిరిగేది ఇందువల్లనే.

చరక సంహిత దినచర్యలో చెవికి తైలం చెప్పింది. అయితే అది కర్ణభేరి చెక్కుచెదరని చెవికే తగును. జలుబు చేసిన బిడ్డకు ముక్కు వెనుకనుండి మధ్య చెవికి పోయే నాళం మూసుకొని, లోపల చీము పట్టవచ్చు. ఆ ఒత్తిడికి కర్ణభేరి చిల్లుపడి చెవి కారుతుంది, పోటు తగ్గుతుంది. నూనె పోసిన తల్లి తన మందే పనిచేసిందని తలుస్తుంది. నిజానికి పొర పగిలినందునే పోటు తగ్గింది. ఆ పైన పోసే ప్రతి చుక్కా చిల్లు గుండా మధ్య చెవిలోకి దిగి రోగాన్ని పెంచగలదు.

కావున చెవి కారుతున్నా, లోగడ కారి ఉన్నా నూనె, పసరు, నీరు ఏవీ వేయరాదు. చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించాలి. జ్వరం, చెవి వెనుక వాపు, తలతిప్పు, హఠాత్తుగా వినికిడి తగ్గడం కనిపిస్తే అదే రోజు వెళ్లాలి.

ఏ నొప్పీ లేక, గుబిలి గట్టిపడి చెవి దిబ్బడవేసినట్లుంటే గోరువెచ్చని నువ్వుల నూనె 2 లేక 3 చుక్కలు, రాత్రివేళ, మూడు నుండి ఐదు రోజులు వేయవచ్చు. ముందుగా మణికట్టుపై ఒక చుక్క వేసి వేడి చూచుకోవాలి. మెత్తబడిన గుబిలి తానుగా వెలికి వస్తుంది. రాకుంటే పుల్ల పట్టక, వైద్యునిచేత తీయించుకోవాలి.