ఫోను సంఖ్యకు సాక్ష్యమెవరు?

మనిషి మాటకు సాక్ష్యం కోరుట నేడు పుట్టిన ఆచారం కాదు. గద్వాల, వనపర్తి సంస్థానాల కాలంలో దస్తావేజుకు మొహరు, సాక్షుల సంతకాలు ఉంటేనే విలువ. ఉర్దూలో దీనిని తస్దీఖు అంటాము, తెలుగులో ధ్రువీకరణ అంటాము. నేడు ఆ మొహరు స్థానాన్ని గోరంత సిమ్ కార్డు ఆక్రమించింది. బ్యాంకు ఖాతా మొదలు కళాశాల ప్రవేశం వరకు అనేక కార్యాలు దాని సాక్ష్యం మీదనే నడుస్తున్నవి. ఆ సాక్ష్యం ఎట్టిది, ఎంతవరకు నమ్మదగినది అనే విషయాన్ని విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు వివరించుటయే మా ఉద్దేశం.

మన అనుభవంలోని రెండు ఉదాహరణలు చూద్దాం. తెలంగాణలో 2016లో ఆరంభమైన డిగ్రీ ప్రవేశాల విధానం 'దోస్త్'. అందులో పేరు నమోదుకు ఆధార్‌తో ముడిపడిన ఫోను సంఖ్య కావాలి. అది లేని విద్యార్థి మీసేవ కేంద్రానికి వెళ్ళి వేలిముద్ర వేయవలసి వచ్చేది. ఇక 2021 ఫిబ్రవరిలో, కరోనా కారణంగా, రేషను దుకాణాలలో వేలిముద్రను ఆపి కనుపాపను గాని, ఫోనుకు వచ్చే ఓటీపీని గాని ఆధారంగా తీసుకున్నారు. వెంటనే ఆధార్ కేంద్రాల ముందు జనం బారులు తీరారు. ఫోను సంఖ్య చదువుకే గాక అన్నానికి కూడా తాళపుచెవి అయినదని ఆనాడు అందరికీ తెలిసింది.

సిమ్ కార్డు మొదట 1991లో జర్మనీలో తయారై ఫిన్లాండు దేశపు ఫోను సంస్థకు అందింది. దానిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి, సాధారణంగా 15 అంకెలు గల గుర్తింపు సంఖ్య. మన దేశపు కార్డులలో ఇది ఎక్కువగా 404 లేదా 405తో మొదలవుతుంది. రెండవది, ఒక రహస్య సంకేతం. ఇదే సంకేతం ఫోను కంపెనీ వద్ద కూడా భద్రంగా ఉంటుంది. కంపెనీ ఒక ప్రశ్న వంటి సంఖ్యను పంపగా, సిమ్ తన రహస్యంతో లెక్క కట్టి జవాబు ఇస్తుంది. కంపెనీ కూడా అదే లెక్క కట్టి రెండింటినీ పోల్చి చూస్తుంది. రహస్యం మాత్రం కార్డు దాటి బయటికి రాదు. మనం పదిమందికి ఇచ్చే పది అంకెల సంఖ్య సిమ్‌లో ఉండి తీరాలన్న నియమం లేదు. ఏ కార్డుకు ఏ సంఖ్యయో తెలిపే లెక్క కంపెనీ పుస్తకంలో ఉంటుంది. కనుకనే యాప్ ఫోనులోకి తొంగిచూసి సంఖ్యను నిశ్చయించలేదు. కంపెనీ ద్వారా సాక్ష్యం తెచ్చుకోవలసిందే.

ఆ సాక్ష్యం తెచ్చుకొనే మార్గాలు మూడు.

మొదటిది అందరూ ఎరిగిన ఓటీపీ. యాప్ సర్వరు ఒక సంఖ్యను ఎస్సెమ్మెస్‌గా పంపుతుంది, మనం దానిని యాప్‌లో టైపు చేస్తాం. సిమ్ ఒక ఫోనులో, యాప్ మరొక ఫోనులో ఉన్నా పని జరుగుతుంది. దీని సౌకర్యం అదే, బలహీనత కూడా అదే. తియ్యని మాటలకు లొంగి ఆ అంకెలు చదివి వినిపించిన వారి సొమ్ము మోసగాని పాలవుతున్నది.

రెండవ మార్గంలో దిశ మారుతుంది. యాప్ తానే మన సిమ్ నుండి సర్వరుకు ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. పంపినవారి సంఖ్యను ఫోను కంపెనీ తెలుపుతుంది. ఇందులో చదివి వినిపించే అంకెలు లేవు, సిమ్ ఆ ఫోనులోనే ఉండాలి. 2016లో వచ్చిన యూపీఐ చెల్లింపుల యాప్‌లు ఈ పద్ధతినే అనుసరిస్తున్నవి. అయితే ఎస్సెమ్మెస్ పంపుటకు తగిన రీచార్జి లేనివారు, రెండు సిమ్‌లలో తప్పు సిమ్‌ను ఎన్నుకొన్నవారు ఇక్కడ ఆగిపోతారు.

మూడవ మార్గంలో ఏ సందేశమూ ఉండదు. మొబైల్ డేటా నడుస్తుండగా, 'ఇది ఫలానా సంఖ్యయేనా?' అని యాప్ అడిగితే, కంపెనీ అవునో కాదో చెబుతుంది. ఇట్టి సేవలను ప్రపంచమంతటా ఒకే తీరున అందించుటకు ఫోను కంపెనీల సంఘమైన జీఎస్ఎంఏ 2023 ఫిబ్రవరిలో ఒక ప్రయత్నం ఆరంభించింది. వైఫై మీద ఉన్నప్పుడు మాత్రం ఈ ప్రశ్న కంపెనీని చేరే దారి వేరు గనుక ఇది సాగదు.

ఇక అసలు విషయం. ఈ మూడూ నిరూపించేది ఒక్కటే: ఆ సిమ్ ఈ క్షణాన అందుబాటులో ఉన్నదని. దానిని పట్టుకున్న మనిషి ఎవరో అవి చెప్పలేవు. పాలమూరు ప్రాంతపు ఇండ్లలో ఒక్క ఫోనుతో ఇంటిల్లిపాదీ కాలం గడుపుట అరుదు కాదు. తండ్రి ముంబయి, పూణేలకు కూలికి పోతే సంఖ్య ఆయన వెంట పోతుంది, ఓటీపీ కావలసిన కూతురు నాగర్‌కర్నూలులో ఉంటుంది. రీచార్జి లేక రద్దయిన సంఖ్యను 90 రోజుల తరువాత మరొకరికి కేటాయించవచ్చు. అప్పుడు మన పేర వచ్చే ఓటీపీ అపరిచితుని చేతిలో పడుతుంది. 2025 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ, సిమ్ ఫోనులో ఉన్నంత వరకే వాట్సాప్ వంటి యాప్‌లు పనిచేయాలని ఆదేశించింది. మోసాలను అరికట్టుట దాని లక్ష్యం. కానీ గల్ఫ్‌లో ఉంటూ, ఇక్కడి సిమ్ తీసివేసి, పాత సంఖ్యతోనే ఇంటివారితో మాట్లాడే మన సోదరులకు అట్టి నియమం ఎంత భారమో ఊహించవచ్చు.

కావున ఏ కళాశాల అయినా తన యాప్‌కు ఇట్టి ధ్రువీకరణను చేర్చదలచినచో కొన్ని సంగతులు గమనించాలి. టైంటేబులు చూచుటకు ధ్రువీకరణ అక్కరలేదు. ఫీజు, మార్కులు, ధ్రువపత్రాల వంటి వాటికే దానిని కోరాలి. ఓటీపీని సర్వరే పుట్టించి, సర్వరే సరిచూడాలి. కొద్ది నిమిషాలలో అది చెల్లకుండా పోవాలి. ఆరు అంకెలతో పది లక్షల సంఖ్యలు సాధ్యమే అయినా, హద్దు లేక ప్రయత్నింపనిస్తే యంత్రం అసలుదానిని పట్టుకుంటుంది. కనుక ప్రయత్నాలకు పరిమితి విధించాలి. 2018 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం సందేశం పంపేవారి పేరును, సందేశపు నమూనాను ముందుగా నమోదు చేయించాలి. విద్యార్థి సందేశాలన్నింటినీ చదివే అనుమతి అడుగరాదు. తనకు వచ్చిన ఒక్క సందేశాన్నే చదివే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో కలదు. అన్నింటికన్న ముఖ్యంగా, రెండవ తలుపు ఒకటి తెరచి ఉంచాలి. నల్లమలలో సిగ్నలు అందని గూడెం నుండి వచ్చిన విద్యార్థి గుర్తింపు కార్డు చూపితే, కార్యాలయంలోని గుమాస్తా స్వయంగా సరిచూచి నమోదు చేయాలి. సంఖ్య మారినప్పుడు కూడా ఇదే దారి.

విద్యార్థి మిత్రులారా, మీ వంతు కర్తవ్యం కూడా కలదు. వీలైనంతలో సంఖ్యను మీ పేరనే తీసుకొనండి. మార్చినచో ఆధార్‌లో, బ్యాంకులో, కళాశాలలో వెంటనే తెలుపండి. మీ పేర ఎన్ని సిమ్‌లు ఉన్నవో చూపే టాఫ్‌కాప్ సేవ 2021లో మొదట మన తెలుగు రాష్ట్రాలలోనే ఆరంభమై, నేడు సంచార్ సాథీలో భాగమైనది. ఒక వ్యక్తి పేర తొమ్మిదికి మించి ఉండరాదు. మీరెరుగని సంఖ్య కనిపిస్తే అక్కడనే ఫిర్యాదు చేయవచ్చు.

మొహరు ఉన్నంత మాత్రాన దస్తావేజులోని మాట నిజం కాదని మన పెద్దలకు తెలుసు. అందుకే వారు మొహరుతో పాటు మనుషుల సాక్ష్యం కూడా అడిగేవారు. సిమ్ కార్డు మంచి సాక్షియే. అది నోరు మెదపని చోట విద్యార్థిని గుర్తుపట్టవలసినది కళాశాలయే.