మోతను మింగే డబ్బా

హిరమ్ మాక్సిమ్ 1880లలో తయారుచేసిన మెషిన్‌గన్ యుద్ధాల తీరునే మార్చేసింది. ఏళ్ల తరబడి దాన్ని పేల్చి పరీక్షించిన ఆయనకు చివరికి చెవుడు వచ్చింది. తుపాకీ మోతను అణిచే పని ఆయన కొడుకు హిరమ్ పెర్సీ మాక్సిమ్ నెత్తికెత్తుకున్నాడు. తుపాకీ సైలెన్సర్‌కు 1909లో అమెరికాలో పేటెంటు సంపాదించాడు. అంతకు ముందే, 1890లలో, కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో మోటారు బండ్లు తయారుచేసిన ఇంజినీరు ఆయన. తుపాకీ అయినా ఇంజనైనా జరిగేది ఒకటే: లోపల బిగబట్టిన వేడి వాయువు ఒక్కసారిగా బయటి గాలిలోకి దూకుతుంది. తరవాతి కాలంలో ఆయన కంపెనీ ఇంజన్లకూ సైలెన్సర్లు చేసింది.

బండి సైలెన్సర్ పుట్టుక దీనికన్నా పాతది. ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ ఊళ్లో రీవ్స్ సోదరులు 1897లోనే దానికి పేటెంటు తీసుకున్నారు. అయితే తొలినాటి సైలెన్సర్లు ఇంజను బలాన్ని తినేస్తాయని డ్రైవర్లకు అనుమానం. అందుకే పొగ సైలెన్సర్‌లోకి పోకుండా నేరుగా బయటికి వెళ్లేలా ఒక మీట పెట్టించుకునేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు దాన్ని తొక్కితే వీధి వీధంతా అదిరిపోయేది. మోత ఉంటేనే బలం ఉన్నట్టు అన్న నమ్మకం అప్పటినుంచీ మనల్ని వదలలేదు.

నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే, సెకనుకు వందసార్లు పొగ ఒక్కో దెబ్బగా గొట్టంలోకి వస్తుంది. వంద హెర్ట్జ్ అంటే గుండెలకు తగిలే లావు గొంతు. వేడి పొగలో శబ్దం సెకనుకు 500 మీటర్లకు పైగా పరుగెడుతుంది కాబట్టి, ఆ అల పొడవు అయిదు మీటర్లు దాటుతుంది. అంత పొడవు అలను చిన్న డబ్బాలో ఆపడం కష్టం. అందుకే సైలెన్సర్ రెండు ఉపాయాలు పన్నుతుంది. సన్నని గొట్టం ఒక్కసారిగా వెడల్పు గదిలోకి తెరుచుకున్నచోట, చెరువు గట్టును తాకిన అలలా శబ్దంలో కొంత వెనక్కి మళ్లి, ఎదురొచ్చే అలను కొట్టేస్తుంది. ఇది లావు గొంతుకు మందు. కీచుగొంతుకు మందు వేరు: చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ వూల్ కూరితే ఆ శబ్దం అందులో ఇంకి వేడిగా మారిపోతుంది.

ఇక హెడర్ల సంగతి. సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒక్కచోట చేర్చడానికి కంపెనీ ఇచ్చే పోత ఇనుప మానిఫోల్డ్ గోడలు మందంగా ఉంటాయి, ఆ బరువే మోతను కొంత ఆపుతుంది. దాని బదులు బిగించే హెడర్లు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు గొట్టాలు. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో పొడవాటి దారి ఉండటంతో పొగ సులువుగా వెళ్తుంది, ముందు వెళ్లిన దెబ్బ వెనక వచ్చేదాన్ని లాక్కుపోతుంది. బలం పెరుగుతుంది, నిజమే. కానీ పలచని గోడలు గణగణమంటాయి, లోపలి మోతను ఇంజను గదిలోకే వదిలేస్తాయి.

హెడర్లు వేశాక వచ్చే మోతంతా వాటి తప్పే అనుకోవద్దు. చల్లటి ఇంజను స్టార్ట్ చేయగానే టిక్ టిక్ అని, వేడెక్కాక ఆ చప్పుడు ఆగితే అది చాలావరకు లీకే. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటోందన్నమాట. కొత్త హెడర్ల బోల్టులు వేడెక్కి చల్లారాక కొన్నిసార్లు వదులవుతాయి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మళ్లీ బిగించాలి, అతుకు సందును మూసే గాస్కెట్ కాలి ఉంటే మార్చాలి. గొట్టాలకు చుట్టే వేడి పట్టీ గణగణను కొంత తగ్గిస్తుంది గానీ, తడి పట్టి ఉంచి ఉక్కును తుప్పు పట్టిస్తుంది. సెరామిక్ పూతే మేలు. ఒకే వేగం దగ్గర కారు లోపల గుయ్యిమని హోరెత్తుతుంటే, వెనక గొట్టానికి పక్కన చివర మూసిన కొమ్మ గొట్టం అతికిస్తారు. వంద హెర్ట్జ్‌కు అది అల పొడవులో నాలుగోవంతు, అంటే సుమారు 1.3 మీటర్లు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, పొగ ప్రవాహానికి తగిన పెద్ద సైలెన్సర్. మంచి సైలెన్సర్‌తో హెడర్లు ఇచ్చే లాభం పోదు.

చాలా కార్లలో పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మానిఫోల్డ్‌కు అంటుకునే ఉంటుంది. హెడర్ల కోసం దాన్ని పీకేస్తే మోత పెరుగుతుంది, విషవాయువులు నేరుగా మన వీధి గాలిలో కలుస్తాయి. ఆ పని ఎవరూ చేయకూడదు.

మన నగరాల్లో బైకుల సైలెన్సర్లు మార్చి అర్ధరాత్రి తిరిగేవాళ్లు ఒక్కసారి ఆ వీధిలోని పసిపిల్లల్నీ రోగుల్నీ తలచుకోవాలి. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్ద పరిమితి దాటితే మొదటి తప్పుకే మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సుకు కూడా మూడు నెలలు అనర్హత. ఇంజను బలం పెంచుకోవాలనుకునే యువకులు ఆ ఖర్చులో సైలెన్సర్ ఖర్చును కూడా ముందే లెక్కవేసుకోవాలి.